గాలి పడిపోయాక అసలు పని మొదలు

తెరచాప పడవలో సముద్ర ప్రయాణం అనగానే మన బుర్రలో ఒకటే సినిమా ఆడుతుంది. తాడిచెట్టంత అలలు, ఉరుములు, చిరిగిపోతున్న తెరచాప, చుక్కాని పట్టుకుని అరుస్తున్న హీరో. రీల్స్‌లో వ్యూస్ వచ్చేది కూడా దానికే. కానీ నెలల తరబడి సముద్రం మీద గడిపి వచ్చినవాళ్లని కదిపి చూడండి. తుపాను గురించి ఎంత చెబుతారో, ఆకు కదలని రోజుల గురించి కూడా అంతే చెబుతారు. తుపాను రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది. గాలి లేకపోవడం మాత్రం ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. నడిసముద్రంలో గాలి పడిపోతే ఏం చేస్తారు? చేతులు కట్టుకుని కూర్చుంటారని అనుకుంటే పొరపాటే. తెరచాప పడవలో అన్నిటికంటే ఎక్కువ లెక్కలు నడిచేది అప్పుడే.

ముందు మనకి తెలిసిన పడవతో మొదలుపెడదాం. ఐఎన్‌ఎస్‌వీ తారిణి. 56 అడుగుల పొడవు, గోవాలో తయారైన మన నౌకాదళం పడవ. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు దీంట్లో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. మళ్లీ 2024 అక్టోబర్ 2న ఇదే పడవలో ఈసారి ఇద్దరే, లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూపా బయల్దేరి 2025 మే 29న గోవా చేరుకున్నారు.

ఈ రెండో యాత్రలో మొదటి మజిలీ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్. సుమారు 4,900 నాటికల్ మైళ్లు, 38 రోజులు. భాగిస్తే రోజుకి దాదాపు 129 మైళ్లు, అంటే సగటున 5.4 నాట్స్. (నాట్స్ అంటే వరి నాట్లు కావు. గంటకి ఒక నాటికల్ మైలు వెళ్తే ఒక నాట్, మన లెక్కలో 1.85 కిలోమీటర్లు.) మొత్తం మీద గంటకి 10 కిలోమీటర్లు. ఊళ్లో తీరిగ్గా సైకిల్ తొక్కే వేగం! ఇంత దూరపు ప్రయాణంలో సగటు అనేది పడవ దూసుకుపోయిన రోజుల్నీ, పాకిన రోజుల్నీ కలిపేసి చూపిస్తుంది. పాకిన రోజుల్ని ఎలా దాటారన్నదాని మీదే ఆ సగటు నిలబడుతుంది.

గాలి ఎక్కడికి పోతుంది?

భూమధ్యరేఖకి ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి వీచే వ్యాపార పవనాలు ఒక చోట కలుస్తాయి. అక్కడ ఎండకి వేడెక్కిన గాలి పక్కకి వీచడం మానేసి పైకి లేస్తుంది. పైకి పోయి పెద్ద పెద్ద మబ్బులు కడుతుంది. కింద, తెరచాప ఉన్న ఎత్తులో మాత్రం దాదాపు శూన్యం. ఇదే డోల్‌డ్రమ్స్. స్కూల్ పుస్తకాల్లో దీన్ని 'ప్రశాంత మండలం' అని చదువుకున్నాం. అందులో ఇరుక్కున్నవాళ్లకి ఉండనిది ప్రశాంతత ఒక్కటే.

ఈ పట్టీ ఒకే చోట ఉండదు. సూర్యుడి వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుంది. వేసవిలో అది మన దేశం మీదకి జరగడం వల్లే మనకి నైరుతి రుతుపవనాలు. అక్టోబర్‌లో నైరుతి వెనక్కి వెళ్తూ ఉంటుంది, ఈశాన్యం ఇంకా సరిగా రాదు. అంటే గోవా నుంచి అప్పుడు బయల్దేరిన తెరచాప పడవకి మొదట్లోనే బలమైన గాలి దొరుకుతుందన్న భరోసా లేదు. అది దాటి, భూమధ్యరేఖ దగ్గరి పట్టీ దాటి దక్షిణార్ధగోళంలో మంచి వ్యాపార పవనాలు అందుకుంటే, ఇంకా కిందికి 30 డిగ్రీల అక్షాంశం దగ్గర అధిక పీడనం వల్ల ఇంకో గాలి లేని పట్టీ సిద్ధంగా ఉంటుంది. ఫ్రీమాంటిల్ ఉన్నది 32 డిగ్రీల దగ్గర. అంటే ఈ ఒక్క మజిలీలోనే ఇలాంటి చోట్లు రెండు మూడు.

గాలి సగమైతే బలం పావే

ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో నిద్రపోని వాళ్లకి గుర్తుండే ఉంటుంది. గాలి వస్తువు మీద చూపించే బలం దాని వేగానికి వర్గంగా మారుతుంది. గాలి 10 నాట్స్ నుంచి 5కి తగ్గితే తెరచాప మీద బలం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే 'కొంచెం గాలి తగ్గింది' అనిపించే సమయానికే పడవ చతికిలబడుతుంది.

మామూలు తెరచాపలు మందపాటి పాలిస్టర్‌తో చేస్తారు. పావు బలానికి అవి సరిగా విచ్చుకోను కూడా విచ్చుకోవు, తడిసిన దుప్పటిలా వేలాడతాయి. అందుకే దూర ప్రయాణం పడవల్లో పలచటి నైలాన్‌తో చేసిన పెద్ద తెరచాపలు విడిగా ఉంటాయి. స్పిన్నేకర్, జెన్నేకర్ అంటారు. ఒళ్లంతా రంగులతో గాలిపటాల్లా ఉండేవి ఇవే.

తెరచాప మార్చితే సరిపోదు. చుక్కానిని అటూ ఇటూ గట్టిగా తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ అది నీటిలో బ్రేక్‌లా పనిచేస్తుంది, అంతంత మాత్రం వేగంలో ఆ నష్టం పెద్దది. తెరచాపని బిగించి లాగకూడదు, కాస్త వదులు ఇచ్చి పొట్ట రానివ్వాలి. బరువున్న సామాను, మనుషులు గాలి పోయే వైపుకి కొంచెం జరిగితే పడవ ఆ వైపుకి వాలుతుంది. అప్పుడు తెరచాప తన బరువుతోనే ఆకారంలోకి వస్తుంది. గాలి ఎటు నుంచి వస్తోందో తెలియడానికి తెరచాప మీద కట్టిన చిన్న ఊలు దారాలని చూస్తూ ఉండాలి. మెడ వెనక తడి చేసుకుని చల్లదనం ఎటు తగిలిందో చూడటం ఇంకా పాత పద్ధతి. సెన్సార్ కంటే అదే ముందు చెబుతుందనే నావికులూ ఉన్నారు.

చుట్టు తిరిగి వెళ్లడమే దగ్గర దారి

ఇది నాకు చాలా నచ్చిన లెక్క. గాలి సరిగ్గా వెనక నుంచి వీస్తోంది, వెళ్లాల్సిన ఊరు సరిగ్గా ముందుంది. ఇంకేం, నేరుగా పోనిస్తే చాలు అనుకుంటాం. తక్కువ గాలిలో అది తప్పు.

స్కూటీ మీద వెళ్తున్నప్పుడు వెనక నుంచి గాలి అదే వేగంతో వస్తే ఒంటికి గాలే తగలదు కదా. పడవకీ అంతే. వెనక నుంచి 8 నాట్స్ గాలి వస్తుంటే, పడవ 3 నాట్స్‌తో కదులుతుంటే, తెరచాపకి తగిలేది 5 మాత్రమే. పడవ వేగం పెరిగే కొద్దీ తన గాలిని తానే తగ్గించుకుంటుంది. అదే 8 నాట్స్ గాలి పక్క నుంచి తగిలేలా పడవని తిప్పితే, 4 నాట్స్‌తో వెళ్లే పడవ మీద తెరచాపకి తగిలే గాలి దాదాపు 9. పడవ కదలిక వల్ల పుట్టిన గాలి కూడా వచ్చి కలుస్తుంది.

పూర్తిగా పక్కకి తిరిగితే ఊరు చేరలేం కాబట్టి మధ్యేమార్గం పట్టుకుంటారు. ఒక ఉదాహరణ. గమ్యం 100 మైళ్లు. నేరుగా 3 నాట్స్‌తో వెళ్తే 33 గంటలు. 40 డిగ్రీలు పక్కకి తిప్పి, కొంత దూరం పోయాక అటువైపు 40 డిగ్రీలకి తిప్పి, ఇలా వంకర టింకరగా వెళ్తే దూరం 130 మైళ్లు అవుతుంది. కానీ వేగం 4.5కి పెరిగితే 29 గంటల్లో చేరిపోతారు. 30 మైళ్లు ఎక్కువ తిరిగి నాలుగు గంటలు ముందే!

అయితే ఎన్ని డిగ్రీలు తిప్పాలన్నది ప్రతి పడవకీ వేరు. ఏ గాలిలో ఏ కోణంలో తమ పడవ ఎంత వేగం పోతుందో నావికులు ముందే పట్టిక రాసి పెట్టుకుంటారు. అది లేకుండా ఊహ మీద తిప్పితే మిగిలేది ఆ అదనపు 30 మైళ్లే.

రోజుకి 14,400 దెబ్బలు

గాలి పోయినా అలలు పోవు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో పుట్టిన అలల ఊపు వస్తూనే ఉంటుంది. గాలి పట్టు లేని పడవ ఆ ఊపుకి ఉయ్యాలలా అటూ ఇటూ దొర్లుతుంది. దాంతో పాటు తెరచాప ఒక పక్కకి దబ్‌మని, ఇంకో పక్కకి దబ్‌మని కొట్టుకుంటుంది. ఆరు సెకన్లకి ఒక దెబ్బ అనుకున్నా గంటకి 600, రోజుకి 14,400. కుట్లు ఊడతాయి, తాళ్లు అరుగుతాయి, కొక్కేల్లో పగుళ్లు వస్తాయి. తుపానుని తట్టుకున్న తెరచాప గాలి లేని వారంలో చిరిగిపోవడానికి కారణం ఇదే.

అందుకే మొదటి నియమం: పని చేయని తెరచాపని దించేయాలి. మనసొప్పదు. తెరచాప దించితే ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుంది. కానీ రాబోయే మూడు వేల మైళ్లకి ఆ తెరచాపే దిక్కు. ఎంతో కొంత గాలి ఉంటే, తెరచాప కింద ఉండే అడ్డకొయ్యని తాడుతో ముందుకి లాగి కట్టేస్తారు, అటూ ఇటూ కొట్టుకోకుండా. ఆ కొయ్య ఊపు మీద వచ్చి తలకి తగిలితే ప్రాణం మీదకి వస్తుంది. గాలి లేదు కదా అని అజాగ్రత్తగా నిలబడే రోజు కూడా ఇదే.

డీజిల్ లెక్క

"ఇంజిన్ ఉంటుంది కదా, ఆన్ చేసుకుంటే పోలా?" ఇది అందరికీ వచ్చే డౌటే. పందెంలోనో రికార్డు యాత్రలోనో ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు ఉండదు, లేదా చాలా తక్కువ ఉంటుంది. సొంతంగా వెళ్లేవాళ్లకి ఉంటుంది. ఎంత ఉంటుందో చూద్దాం.

40 అడుగుల పడవ అనుకోండి. ట్యాంకులో 200 లీటర్లు. అందులో 60 లీటర్లు ముట్టుకోకూడదు. బ్యాటరీలు చార్జ్ చేయడానికి, చివర్లో రేవులోకి వెళ్లడానికి, ఎవరినైనా కాపాడాల్సి వస్తే వాడటానికి. మిగిలింది 140. 5 నాట్స్‌తో వెళ్తే గంటకి 3 లీటర్లు తాగే ఇంజిన్ అయితే 46 గంటలు, 230 మైళ్లు. ముందున్న గాలి లేని పట్టీ 400 మైళ్లు ఉంటే మధ్యలో ఆగిపోయినట్టే.

ఇప్పుడు వేగం 4 నాట్స్‌కి తగ్గించండి. నీటిని తోసుకుంటూ వెళ్లడానికి కావాల్సిన శక్తి సుమారుగా వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, వేగం ఐదో వంతు తగ్గిస్తే ఖర్చు దాదాపు సగమవుతుంది. అదే 140 లీటర్లతో 370 మైళ్లు! ఫోన్‌లో బ్యాటరీ సేవర్ పెట్టుకున్నట్టే. అందుకే అనుభవమున్నవాళ్లు ఇంజిన్‌ని చిన్నగా నడుపుతారు. అది కూడా పట్టీ సన్నగా ఉన్న చోట, అడ్డంగా కోసుకుంటూ. 'పడవ వేగం 2 నాట్స్ కంటే తగ్గి ఆరు గంటలైతేనే ఇంజిన్' లాంటి నియమం ఒడ్డు మీద ఉండగానే రాసుకుంటారు. మూడో రోజు చిరాకులో తీసుకునే నిర్ణయం డీజిల్‌ని మిగల్చదు.

నల్లమబ్బు శత్రువా, స్నేహితుడా?

డోల్‌డ్రమ్స్‌లో గాలి లేదంటే పూర్తిగా లేదని కాదు. అక్కడక్కడ నల్లమబ్బుల కింద దాక్కుని ఉంటుంది. అప్పటిదాకా 2 నాట్స్ ఉన్న గాలి ఒక్క నిమిషంలో 30కి పోవచ్చు. పైన పలచటి నైలాన్ తెరచాప ఉంటే అది పేలికలే. కాబట్టి రాత్రిళ్లు రాడార్ చూడాలి, పగలు మబ్బు అంచుని చూడాలి, దించే తాడు చేతికి అందేలా పెట్టుకోవాలి.

మరి వాతావరణ యాప్ ఏం చేస్తోంది? శాటిలైట్ ఫోన్ ద్వారా వచ్చే గాలి సూచనల్లో చాలామంది వాడే అమెరికన్ మోడల్ జీఎఫ్ఎస్, సముద్రాన్ని పావు డిగ్రీ గడులుగా చూపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో గడి సుమారు 28 కిలోమీటర్లు. కొన్ని కిలోమీటర్ల వెడల్పుండే ఒంటరి మబ్బు ఆ గడిలో కనపడనే కనపడదు. రేపటి పెద్ద గాలి ఎటు నుంచో యాప్ చెబుతుంది, వచ్చే పది నిమిషాల గాలి కళ్లే చెప్పాలి.

వాన కురిసే మబ్బు కింద చల్లగాలి దిగి, నీటిని తాకి అన్ని వైపులకీ పరుచుకుంటుంది. మబ్బు ముందు వైపు ఉంటే ఆ తోపు మీద కొన్ని మైళ్లు పోవచ్చు. వెనక పడిపోతే మిగిలేది ఉక్కపోత. పందెం నావికులు మబ్బు నుంచి మబ్బుకి అలా దాటుకుంటూ పోతారు.

ఇంకో లాభం, నీళ్లు. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రానికి కరెంటు కావాలి, అది మొరాయిస్తే దాహమే. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. నాలుగు చదరపు మీటర్ల టార్పాలిన్ మీద 20 మిల్లీమీటర్ల జల్లు పడితే 80 లీటర్లు. మనిషికి రోజుకి మూడు లీటర్లు అనుకుంటే ఇద్దరికి 13 రోజులు! మొదటి కొన్ని నిమిషాల నీరు మాత్రం ఉప్పు కడుక్కుని వస్తుంది, దాన్ని వదిలేయాలి.

పడవ అడుగున అద్దెకి దిగేవాళ్లు

నెమ్మదిగా వెళ్లే పడవకి ఇంకో శిక్ష ఉంది. గూస్‌నెక్ బార్నకిల్స్ అనే గుల్లజీవులు అడుగున అతుక్కుని గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. అవి పెరిగితే పడవ ఇంకా నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే అవి ఇంకా పెరుగుతాయి. వాటిని గీకడానికి దొరికే మంచి అవకాశం మళ్లీ గాలి లేని రోజే. సముద్రం అద్దంలా ఉన్నప్పుడు దిగి గీకుతారు.

దిగేముందు తెరచాపలు దించాలి, నడుముకి తాడు కట్టుకోవాలి, ఎక్కడానికి నిచ్చెన వేలాడదీయాలి. మామూలుగా ఈదేవాళ్ల వేగం గంటకి రెండు మూడు కిలోమీటర్లు. తెరచాప ఉన్న పడవ చిన్న గాలికే అంతకంటే ముందుకి పోతుంది. ఒంటరి నావికుడు నీళ్లలో ఉండగా పడవ వెళ్లిపోతే, పట్టుకోవడానికి ఇంకెవరూ ఉండరు.

స్క్రీన్ మీద 62 రోజులు

ఇక అసలు పరీక్ష. గమ్యం ఇంకా 1,500 మైళ్లు, వేగం ఒక నాట్. జీపీఎస్ వెంటనే భాగించేసి చూపిస్తుంది, చేరడానికి 62 రోజులు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మ్యాప్‌లో టైమ్ పెరిగిపోతుంటే మనకి వచ్చే చిరాకుని వందతో హెచ్చవేసుకోండి. తిండి 30 రోజులకే ఉందనుకుంటే చిరాకు కాస్తా భయమవుతుంది. భయంలో డీజిల్ తగలేస్తారు, కొట్టుకుంటున్న తెరచాపని వదిలేస్తారు, పక్కవాళ్ల మీద అరుస్తారు.

పాత నావికులకి దీనికో అలవాటు ఉంది. ఈ క్షణం వేగం చూడరు. మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఎన్ని మైళ్లు వచ్చామన్నది ఒక్కటే పుస్తకంలో రాస్తారు. నిన్న 40, ఇవాళ 55. గంట గంటకీ మారే అంకె మనిషిని పిచ్చెక్కిస్తుంది, 24 గంటల అంకె కుదురుగా ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు సర్వర్ గ్రాఫ్‌ని ప్రతి సెకనుకీ కాకుండా సగటుతో చూడమనేది ఇందుకే.

మిగతా టైమ్‌కి టైమ్ టేబుల్ ఉంటుంది. కాపలా వంతులు మారవు, అరిగిన తాళ్లు మార్చడం, కుట్లు వేయడం, బట్టలు ఉతకడం, బాకీ పడ్డ నిద్ర తీర్చుకోవడం. తుపానులో చేయలేని పనులన్నీ ఇప్పుడే. తిండి, నీళ్లు మాత్రం మొదటి రోజు నుంచే లెక్కగా వాడతారు. పదో రోజున మొదలుపెట్టే పొదుపు పొదుపు కాదు, కరువు.

ఈ చిన్న చిన్న లెక్కలకి విలువెంతో 2022 గోల్డెన్ గ్లోబ్ రేస్ చూస్తే తెలుస్తుంది. ఒక్కరే, ఎక్కడా ఆగకుండా, జీపీఎస్ లేకుండా సెక్స్‌టెంట్‌తో ప్రపంచం చుట్టాలి. 2022 సెప్టెంబర్ 4న ఫ్రాన్స్‌లోని లె సాబ్ల్ దొలోన్ నుంచి 16 మంది బయల్దేరారు. దక్షిణాఫ్రికాకి చెందిన కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ 2023 ఏప్రిల్ 27న మొదటి స్థానంలో, మన అభిలాష్ టామీ ఏప్రిల్ 29న రెండో స్థానంలో చేరారు. ఎనిమిది నెలల పందెంలో ఇద్దరి మధ్య తేడా రెండు రోజుల లోపే. కిర్‌స్టెన్ ఆఖరి మైళ్లు కూడా పడీ పడని గాలిలోనే, ఒడ్డు దగ్గరే ఉన్నా అందనట్టుగా సాగాయి. దక్షిణ మహాసముద్రపు హోరుగాలుల్ని గెలిచి వచ్చినవాళ్లు చివరికి గుక్కెడు గాలి కోసం ఎదురు చూశారు.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతులు చేట పట్టుకుని నిలబడటం మన ఊళ్లలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. గాలి రాగానే చేట ఎత్తాలి. అది వచ్చాక చేట ఎక్కడుందని వెతికితే కుదరదు. 'గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి' అన్న సామెత అందరికీ తెలుసు. గాలి లేనప్పుడు రైతు చేట సరిచూసుకుని, కళ్లం ఊడ్చి, ఎటు నుంచి వస్తుందా అని చూస్తూ ఉంటాడన్న సగం మాత్రం సామెతలో లేదు. ఆ సగం సముద్రం మీద వాళ్లకి బాగా తెలుసు. కుట్లు వేసిన తెరచాప, మిగిలిన డీజిల్, నిండిన నీళ్ల ట్యాంకు, నిద్రపోయి లేచిన మనుషులు. గాలి వచ్చే పొద్దుకి ఇవి నాలుగూ ఉన్న పడవే ముందుకి పోతుంది.